ఆకు పసర్లు – మన కిడ్నీలు



భోజనాల దగ్గర అన్నంలో రాయి తగిలినప్పుడల్లా మనలో ఎవరో ఒకరు అనే మాట ఒకటుంది. "చూసుకుని తినరా, కిడ్నీలో చేరిపోద్ది!" అని. అందరం నవ్వుతాం. కానీ నవ్వినవాళ్ళలో సగం మందిమి ఆ మాట నిజమనే నమ్ముతాం. ఇంటర్ బైపీసీ చదువుతున్న మేము నలుగురం కూడా మొన్నమొన్నటి దాకా నమ్మాము. రికార్డులో మూత్రపిండం బొమ్మ వేసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకున్న తరువాత కూడా నమ్మాము! పుస్తకంలో చదివింది ఒక అరలోను, ఇంట్లో విన్నది ఇంకో అరలోను ఉంటాయి కాబోలు, రెండూ ఎప్పుడూ కలవవు.

నోట్లో పడ్డ రాయి పన్ను విరగ్గొట్టవచ్చు గాని కిడ్నీలోకి పోలేదు. తిన్నది పోయే దారి వేరు. గొంతు, అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు, పెద్దపేగు, అక్కడినుంచి బయటికి. కిడ్నీలోకి వచ్చేది రక్తం మాత్రమే. టమాటా గింజలు, వంకాయ గింజలు కూడా అంతే. గింజ గింజగా రక్తంలోకి వెళ్ళే దారి మన ఒంట్లో లేదు.

ఈ చిన్న విషయం తెలిసిన రోజున మాకు ఇంకో ఆలోచన వచ్చింది. కిడ్నీల గురించి, మూత్రం గురించి మన ఇళ్ళల్లో చెప్పే వైద్యాలన్నీ ఒకచోట రాసి చూద్దామని. హాస్టల్లో గది గదికీ తిరిగి అడిగాము. పక్క వీధిలోని బాలికల వసతి గృహం అక్కలను కూడా అడిగితే వాళ్ళు ఒక కాగితం నిండా రాసి పంపారు. మొత్తం మీద నోటుపుస్తకంలో నాలుగు పేజీలు నిండాయి. కొండపిండి ఆకు, తెల్ల గలిజేరు, నేల ఉసిరి, పల్లేరు కాయలు, అరటి దవ్వ రసం, ఉలవల కషాయం, కొత్తిమీర నీళ్ళు, మొక్కజొన్న పీచు కషాయం, కాలి బొటనవేలి గోటికి సున్నం, బొడ్డులో ఆముదం... వీటిని మా జువాలజీ మాస్టారి దగ్గరికీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారి దగ్గరికీ తీసుకెళ్ళి అడిగి తెలుసుకున్నవి, కొన్ని పుస్తకాల్లో చదివినవి ఇక్కడ రాస్తున్నాము.

అయితే ఇది సరదాకి మొదలుపెట్టిన పని కాదు. మన హాస్టల్లో ఉద్దానం నుంచి వచ్చిన వాళ్ళం చాలామందిమి ఉన్నాం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల పేర్లు చెబితే బయటివాళ్ళకి కొబ్బరి తోటలు, జీడి తోటలు గుర్తుకొస్తాయి. మాకు డయాలసిస్ గుర్తుకొస్తుంది. అక్కడ జరిపిన సర్వేల్లో పెద్దవాళ్ళలో సుమారు ఐదుగురికి ఒకరి చొప్పున కిడ్నీ జబ్బు కనిపించింది. వాళ్ళలో ఎక్కువమందికి షుగరు లేదు. తాగే నీరు, ఎండలో పని, నొప్పి మాత్రలు, పురుగు మందులు, వంశపారంపర్యం అంటూ ఎన్నో కారణాలు వెతికారు గాని ఇదీ అని ఇంతవరకు ఒక్క కారణం తేలలేదు. శ్రీలంకలోని ఉత్తర మధ్య రాష్ట్రంలోను, మధ్య అమెరికాలో చెరకు తోటల్లో పనిచేసే కూలీల్లోను ఇటువంటి జబ్బే ఉంది. అక్కడా అంతే, పొలం పనిచేసే బీదవాళ్ళకే వస్తోంది. కారణం తెలియని జబ్బు ఉన్నచోట మందు తెలిసిందనే వాళ్ళు ఎక్కువగా పుట్టుకొస్తారు.

మా నలుగురిలో ఒకడి నాన్నగారి సంగతి చెబుతాము. వాడి అనుమతితోనే రాస్తున్నాము, పేరు మాత్రం వద్దన్నాడు. ఆయన కొబ్బరి చెట్లెక్కే కూలీ. ఊళ్ళో వైద్య శిబిరం పెట్టినప్పుడు రక్తం పరీక్ష చేస్తే క్రియాటినిన్ 2.1 వచ్చింది. డాక్టరు బి.పి. మాత్రలు రాసి, నొప్పి మాత్రలు మానమని, మూడు నెలలకోసారి పరీక్షకు రమ్మని చెప్పారు. ఆయనకేమో ఒంట్లో ఏ బాధా లేదు. అంతలో ఒక చుట్టం వచ్చి, ఫలానా ఊళ్ళో ఒకాయన పసరు మందు ఇస్తున్నాడు, ఎందరికో నయమైంది అని చెప్పాడు. ఆ మందుకో షరతు. ఇంగ్లీషు మందు పూర్తిగా మానితేనే పసరు పడుతుందట! దానికి తోడు పూటకో కొబ్బరి బొండం, పరగడుపున అరటి దవ్వ రసం తాగమన్నారు. మావాడు సెలవులకి వెళ్ళినప్పుడు అడ్డు చెప్పబోతే వాళ్ళమ్మ అందట, "ఆకు పసరే కదేటి బావూ, ఆకు ఏటి సేస్తాది?" అని.

అయిదు నెలలు అలా గడిచాయి. మూత్రం ధారాళంగా వస్తోంది, ఒళ్ళు తేలికగా ఉంది అని ఆయన ఊరంతా చెప్పుకున్నారు. ఆరో నెలలో కాళ్ళు వాచాయి, ఆయాసం మొదలైంది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి క్రియాటినిన్ 9.4, పొటాషియం 7.1. ఆ రాత్రే డయాలసిస్ పెట్టారు. ఇప్పటికీ వారానికి రెండుసార్లు వెళ్తున్నారు.

ఆకే పాడుచేసిందా, మాత్రలు మానడం పాడుచేసిందా, లేక జబ్బే ముదిరిందా అని డాక్టరు గారిని అడిగాము. విడదీసి చెప్పడం కష్టం అన్నారు. మేమూ ఆకు మీద నేరం మోపడం లేదు. కానీ ఆ అయిదు నెలలూ ఒక్క పరీక్ష కూడా జరగలేదు. బి.పి. ఎంత ఉందో చూసిన వాళ్ళు లేరు. మాకు మింగుడుపడనిది అదే.

"ఆకు ఏం చేస్తుంది" అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు కిడ్నీ ఏం చేస్తుందో చూడాలి. కిడ్నీని జల్లెడ అని అంటారు గాని ఆ పోలిక సగమే నిజం. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. మన ఒంట్లో ఉన్న ప్లాస్మా అంతా కలిపి 3 లీటర్లే. అంటే ఉన్న 3 లీటర్లనే రోజుకు 60 సార్లు వడగడుతున్నాయన్నమాట. బయటికి పోయేదేమో లీటరున్నర. మిగతా నీళ్ళు, గ్లూకోజు, లవణాలు అన్నీ వెనక్కి తీసుకుంటాయి. మన ట్రంకు పెట్టె సర్దుకోవడం చూడండి. ముందు పెట్టెలో ఉన్నదంతా మంచం మీద పోస్తాం. అందులోంచి కావలసినవి ఒక్కొక్కటే తిరిగి లోపల పెట్టుకుంటాం. మంచం మీద మిగిలింది చెత్త. నెఫ్రాను చేసే పని అచ్చం ఇదే.

ఇది తెలిసిన తరువాత "కిడ్నీని కడిగే" మందుల మాట ఎంత తేలిపోతుందో చూడండి. గుప్పెడు కొత్తిమీర తరిగి, నీళ్ళలో మరగబెట్టి, వడగట్టి తాగితే ఏళ్ళ తరబడి కిడ్నీలో పేరుకుపోయిన ఉప్పంతా బయటికి వచ్చేస్తుందని, ఖర్చు రూపాయేనని ఒక కరపత్రం చాలా ఏళ్ళుగా చేతులు మారుతోంది. మునుపు జిరాక్సు కాగితంగా తిరిగేది, ఇప్పుడు వాట్సాప్‌లో తిరుగుతోంది. కిడ్నీ మురుగు కాలువ కాదు, అడుగున మడ్డి పేరుకోవడానికి. రోజుకు 60 సార్లు కడుక్కునే దానికి మన రూపాయి కొత్తిమీర చేసే సాయం ఏముంటుంది? కొత్తిమీర పప్పుచారులో వేసుకుంటే రుచిగా ఉంటుంది, అంతవరకే.

మూత్రం ధారాళంగా వస్తే కిడ్నీ బాగున్నట్టే అన్నది ఇంకో పెద్ద అపోహ. ప్రాణాల మీదికి తెచ్చేది కూడా ఇదే. జబ్బు పడుతున్న కిడ్నీకి మొదట పోయేది మూత్రాన్ని చిక్కబరిచే శక్తి. అప్పుడు మూత్రం తగ్గదు, పైగా ఎక్కువవుతుంది. రాత్రిపూట రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది. నీళ్ళు బాగానే పోతుంటాయి గాని చెత్త లోపలే ఉండిపోతుంది. ఆ చెత్తను కొలిచేదే క్రియాటినిన్ పరీక్ష. మామూలుగా అది 0.6 నుంచి 1.2 దాకా ఉంటుంది. ఆ గీత దాటి పైకి కనిపించేసరికే కిడ్నీల పనితనం సుమారు సగం పోయి ఉండవచ్చు. మూత్రంలో ప్రొటీను పోతోందా అన్న పరీక్ష ఇంకా ముందే చెబుతుంది. ఈ రెండు పరీక్షలూ చేయకుండా నాడి పట్టుకునో, కళ్ళు చూసో "నీ కిడ్నీలు కుదుటపడ్డాయి" అనేవాడి మాటకు విలువేముంది?

ఇక రాళ్ళ సంగతి. కొండపిండి ఆకు పేరులోనే ఉంది దాని ప్రచారమంతా. కొండనే పిండి చేసేది కిడ్నీలో రాయిని ఒక లెక్క చేస్తుందా అని. మా జాబితాలో ఎక్కువమంది చెప్పింది దీని పేరే. "మా మామకు పడిపోయింది", "మా పెద్దనాన్నకు పడిపోయింది" అని చెప్పినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. నిజంగానే పడిపోయి ఉంటుంది. కానీ 5 మిల్లీమీటర్ల లోపు రాళ్ళు చాలావరకు ఏ మందూ లేకుండానే కొద్ది వారాల్లో మూత్రంలో పడిపోతాయి. ఆ వారాల్లో కషాయం తాగినవాడు కషాయం వల్ల అంటాడు, మొక్కుకున్నవాడు మొక్కు వల్ల అంటాడు. కాకి వాలింది, తాటిపండు రాలింది. దీన్నే తెలుగు మాస్టారు కాకతాళీయం అని చెప్పారు. సామెతల పాఠం సైన్సులో పనికొస్తుందని అనుకోలేదు.

సెంటీమీటరు రాయి ఉన్నవాడికి మాత్రం ఈ ఎదురుచూపు మంచిది కాదు. అటువంటి రాయి మూత్రనాళంలో అడ్డుపడితే వెనకాల కిడ్నీ ఉబ్బిపోతుంది. నొప్పి తగ్గింది కదా అని ఊరుకుంటే, రాయి అడ్డం అలాగే ఉండి, కిడ్నీ నెమ్మదిగా పనిచేయడం మానేస్తుంది.

అసలు వింత ఇంకొకటి ఉంది. కిడ్నీ రాళ్ళలో ఎక్కువ శాతం కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు. కొండపిండి ఆకులోనూ ఆక్సలేట్ బాగానే ఉంటుంది. ఆ కషాయం రోజూ తాగి కిడ్నీలు దెబ్బతిన్న రోగుల వివరాలను మన దేశపు డాక్టర్లే వైద్య పత్రికల్లో ప్రకటించారు. కిడ్నీ ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఆక్సలేట్ స్ఫటికాలు కనిపించాయి. రాయిని కరిగిస్తుందని తాగిన ఆకే రాయికి ముడిసరుకు అందించింది! కేరళలో కొలెస్టరాల్ తగ్గుతుందని బిలింబి అనే పుల్లటి కాయల రసాన్ని గ్లాసులకొద్దీ తాగిన పదిమందికి కిడ్నీలు దెబ్బతిన్నట్టు 2013లో ప్రచురించారు. వాళ్ళలో ఏడుగురికి డయాలసిస్ చేయాల్సి వచ్చింది. అదే కాయను చేపల కూరలో పులుపుకు ఒకటి రెండు వేసుకుంటే ఏమీ కాదు. కూరగా తినడం వేరు, మందుగా తాగడం వేరు. పాలకూర కూడా ఆక్సలేట్ ఉన్నదే. వారానికోసారి పప్పులో వేసుకుంటే భయపడనక్కరలేదు, పరగడుపున గ్లాసుడు పచ్చి రసం అంటే ఆలోచించాల్సిందే.

కొబ్బరి నీళ్ళ దగ్గర మాలో మాకే పెద్ద వాదన జరిగింది. ఉద్దానం వాళ్ళం, కొబ్బరి నీళ్ళను తప్పు పడతారా అని ఇద్దరికి కోపం వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నవాడికి, వాంతులూ విరేచనాలూ అయిన వాడికి కొబ్బరి నీళ్ళు మంచివే. కానీ 100 మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్ళలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. పెద్ద బొండం తాగితే 700 దాటుతుంది. మంచి కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది. పాడైన కిడ్నీ పంపలేదు. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. అరటి దవ్వ రసంలోనూ పొటాషియమే. మా మిత్రుడి నాన్నగారి 7.1 ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు మాకు కొంత అర్థమైంది. ఆ రోజు వాడు నోటుపుస్తకం మూసేసి బయటికి వెళ్ళిపోయాడు. మేము మళ్ళీ మొదలుపెట్టింది మూడు రోజుల తరువాత.

తెల్ల గలిజేరు సంగతిలో ఇంకో చిక్కుంది. అది తింటే పాడైన కిడ్నీలు తిరిగి పనిచేస్తాయని, డయాలసిస్ మానేయవచ్చని ప్రచారం. పునర్నవ అన్న సంస్కృతం పేరు కూడా దానికి కలిసొచ్చింది. "మళ్ళీ కొత్తదయ్యేది" అని కదా అర్థం. మా వాళ్ళని ఆ మొక్క తెచ్చి చూపించమంటే ఇద్దరు రెండు రకాల మొక్కలు తెచ్చారు. రెండూ గలిజేరే అన్నారు. బోటనీ మేడం చూసి, ఇవి వేరు వేరు కుటుంబాల మొక్కలు, ఊరిని బట్టి ఒకే పేరుతో పిలుస్తారు అని చెప్పారు. కూరాకుగా వండుకునేటప్పుడు ఈ తేడా పెద్దగా బాధించదు. మందుగా నెలల తరబడి తాగేటప్పుడు ఏది తాగుతున్నామో తెలియాలి కదా!

పేరు తారుమారైతే ఏమవుతుందో చెప్పడానికి బెల్జియం దేశంలో జరిగినదొకటి ఉంది. 1990 తరువాత బ్రస్సెల్స్ నగరంలో ఒళ్ళు తగ్గడానికి ఒక క్లినిక్కులో చైనా మూలికలు కలిపిన గోళీలు ఇచ్చారు. వాటిలో వేయాల్సింది స్టెఫానియా అనే మొక్క వేరు. చైనా భాషలో దాని పేరును పోలిన పేరే ఉన్న అరిస్టోలోకియా అనే ఇంకో మొక్క వేరు పడింది. కుర్ర వయసు ఆడవాళ్ళు కిడ్నీలు పూర్తిగా పాడై ఆసుపత్రులకు రావడం మొదలైంది. 1993లో దీన్ని ప్రకటించారు. చివరకు నూరుమందికి పైగా లెక్క తేలారు. కొందరికి తరువాతి ఏళ్ళలో మూత్రనాళాల్లో క్యాన్సరు కూడా వచ్చింది. యూరపులో డాన్యూబ్ నది ఉపనదుల వెంట ఉన్న పల్లెల్లో తరతరాలుగా ఒక అంతుపట్టని కిడ్నీ జబ్బు ఉండేది, మన ఉద్దానంలాగే. గోధుమ చేలలో కలుపుగా పెరిగే అరిస్టోలోకియా గింజలు పిండిలో కలవడమే దానికి కారణమని ఎన్నో ఏళ్ళకు తేల్చారు. ఆ జాతి మొక్కలు మనకీ కొత్తవి కావు. ఈశ్వరి, గాడిదగడపాకు అనే పేర్లతో మన పొలాల గట్ల మీద, తుప్పల్లో ఉన్నవి అవే. ఉద్దానం జబ్బుకు అదే కారణమని మేము అనడం లేదు. ఆకు ఏం చేస్తుంది అని అడిగిన అమ్మకు ఇది ఒక జవాబు.

పొడులు, గుళికల రూపంలో అమ్మేవాటి మీద కూడా ఒక మాట. అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో దొరికిన 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉందని 2004లో ప్రచురించారు. ఇవి కిడ్నీకి పడనివి. మన దేశంలోనే 1954లో చేసిన మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం ఒకటుంది. నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడని 54 రోగాల జాబితా దానికి జోడించారు. కిడ్నీలో రాళ్ళు ఆ జాబితాలో ఉన్నాయి. బస్సుస్టాండు గోడ మీద "రాళ్ళు గ్యారంటీగా కరిగించబడును" అన్న బోర్డు చూసినప్పుడు ఆ చట్టం గుర్తు చేసుకోండి.

అక్కలు రాసి పంపిన కాగితం చదివాక మాకు కాస్త సిగ్గేసింది. మూత్రానికి వెళ్ళినప్పుడు మంట వస్తే "వేడి చేసింది" అని ఇంట్లో సబ్జా గింజలు నానబెట్టి ఇస్తారు, బొటనవేలికి సున్నం రాస్తారు, బొడ్డులో ఆముదం వేస్తారు. వాటివల్ల తగ్గలేదని డాక్టరుకు చెప్పడానికి సిగ్గు. ఇదీ వాళ్ళు రాసింది. ఎక్కువసార్లు ఆ మంట వేడి కాదు, సూక్ష్మజీవులు. పెద్దపేగులో ఉండే ఇ.కోలై అనే బ్యాక్టీరియా మూత్రమార్గంలోకి చేరడం. ఆడపిల్లల్లో ఆ మార్గం పొట్టిగా ఉంటుంది కాబట్టి వాళ్ళకే ఎక్కువ. దానికి తోడు కాలేజీలో మరుగుదొడ్డి సరిగా లేదని పొద్దున్న తొమ్మిదినుంచి సాయంత్రం అయిదు దాకా నీళ్ళు తాగకుండా, మూత్రం ఆపుకుని కూర్చుంటామని రాశారు. ఇందులో ఏ ఆకూ చేసేదేమీ లేదు. తలుపుకు గొళ్ళెం, కుళాయిలో నీళ్ళు కావాలి. ఈ మాట వార్డెన్ సార్‌కు, కాలేజీ పెద్దలకు వేరుగా అర్జీ రాసి ఇచ్చాము. మంటతోపాటు చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, మూత్రంలో రక్తం ఉంటే అది కిడ్నీ దాకా పాకి ఉండవచ్చు. అప్పుడు ఇంటి వైద్యంతో ఒక్క రోజు కూడా ఆగకూడదని డాక్టరు గారు గట్టిగా చెప్పారు.

మా జాబితాలో అన్నీ కొట్టివేతలే కాలేదు. నిమ్మరసం నీళ్ళలో సిట్రేట్ ఉంటుంది, అది రాయి కట్టడాన్ని అడ్డుకుంటుంది. బార్లీ నీళ్ళు, పలుచని మజ్జిగ మంచివే, వాటిలో పనిచేసేది చాలావరకు నీళ్ళే. పాలు, పెరుగు తింటే కాల్షియం రాళ్ళు వస్తాయన్నది మాత్రం తలకిందులు. 1993లో అమెరికాలో 45 వేల మందికి పైగా మగవాళ్ళను పరిశీలిస్తే ఆహారంలో కాల్షియం ఎక్కువ తిన్నవాళ్ళకే రాళ్ళు తక్కువ వచ్చాయి. కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టేసి రక్తంలోకి పోకుండా చేస్తుంది. రాత్రి భోజనంలో మజ్జిగ వద్దని పక్కకి నెట్టేవాళ్ళు ఈ వాక్యాన్ని రెండోసారి చదవండి.

ఎండలో పని చేసి వచ్చి ఒళ్ళు నొప్పులని బడ్డీ కొట్టులో డైక్లోఫెనాక్ మాత్రలు కొనుక్కుని మింగడం మన ఊళ్ళల్లో పసరు కన్నా మామూలు. ఒంట్లో నీళ్ళు తగ్గి ఉన్నప్పుడు అవి కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. ఆకు మందు కాదు కదా అని దాన్ని మంచిదనుకోకండి.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. మా మిత్రుడి నాన్నగారికి ఊళ్ళో మాట పోయిందని ఇప్పటికీ బాధ. ఎందుకంటే ఆ పసరు గురించి ఊరంతా చెప్పింది ఆయనే. ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు, డయాలసిస్ లేని రోజున, ఆ పసరు తాగుతున్న ఇంకో ముగ్గురి ఇళ్ళకి ఆయనే నడిచి వెళ్ళారట. వాళ్ళలో ఇద్దరు రక్తం పరీక్షకు వస్తామన్నారు. మూడో ఆయన రానన్నాడు. మావాడు కూడా వాళ్ళతోపాటే వెళ్ళి తన రక్తం, తమ్ముడి రక్తం ఇచ్చి వచ్చాడు. వాడిది 0.8, తమ్ముడిది 0.7. సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ చేయించుకుంటామని చీటీ మీద తేదీ రాయించుకుని, ఆ చీటీని ట్రంకు పెట్టె మూత లోపల అతికించుకున్నాడు.